అప్‌డేట్: మా చెల్లెలి పాప చికిత్స ముగిసింది

మా చెల్లెలి పద్నాలుగు నెలల పాపకు జబ్బ చుట్టుకొలత 110 మిల్లీమీటర్లే ఉందని, ఆసుపత్రిలో చేర్చాలా అని ఇంతకుముందు ఇక్కడ మీ అందరినీ అడిగాను. 115 కన్నా తక్కువైతే తీవ్ర పోషకాహార లోపమేనని, అయినా ఆకలి బాగుండి, జ్వరం, వాంతులు, ఒంట్లో వాపు వంటి చిక్కులు లేకుంటే ఇంటివద్దే చికిత్స సాధ్యమని మీరు చెప్పారు. ఆరోగ్య కార్యకర్త తన ఎదుటే చికిత్సకు వాడే వేరుశెనగ పేస్టు తినిపించి ఆకలిని పరీక్షించారు. పాప ఇష్టంగా తిన్నది. వారం వారం కొలతలు చూపించాం. వరుసగా రెండోసారి 125 దాటడంతో చికిత్స ముగించారు.

నన్ను ఎక్కువగా కలచివేసింది మా చెల్లెలి పరిస్థితి. తన పాలు చాలకే బిడ్డ చిక్కిపోయిందన్న మాటలు విని ఆమె సరిగ్గా తినడమే మానేసింది. తల్లి భోజనం, నిద్ర గురించి కూడా అడగమని మీలో ఒకరు రాసి ఉండకపోతే మేము గమనించేవాళ్లమే కాదు. ఇప్పుడు రాత్రిళ్లు పాపను నేనే చూసుకుంటున్నాను. తల్లిపాలు మాత్రం ఆపలేదు.