‘బ్లీప్ మై డాడ్ సేస్’ 18 ఎపిసోడ్లకే ఎందుకు ఆగిపోయింది?

పాతటీవీ: అమెరికా టీవీ ఛానల్ సీబీఎస్‌లో 2010 సెప్టెంబరు 23న మొదలై, 2011 ఫిబ్రవరి 17తో అయిపోయిన సిట్‌కామ్. మూడు విడాకులైన రిటైర్డ్ డాక్టర్ ఎడ్‌గా విలియం షాట్నర్. ఉద్యోగం పోయి, అద్దె కట్టలేక తండ్రి ఇంటికొచ్చి చేరిన హెన్రీగా జోనథన్ సాడోస్కీ. గురువారం ‘ద బిగ్ బ్యాంగ్ థియరీ’ అవగానే వచ్చేది. అంత మంచి స్లాట్ దొరికీ ఎందుకు నిలవలేదు? దూరమైన తండ్రీకొడుకుల కథకే ఆయుష్షు తక్కువా?

మూడోకెమెరా: ఆ స్లాటే మెడకు చుట్టుకుందండీ. పెద్ద హిట్ వెనక వచ్చే షోకి సొంత రేటింగ్ ఒక్కటే చాలదు, ముందు షో చూసినవాళ్లలో ఎంతమంది ఛానల్ మార్చకుండా కూర్చున్నారన్నది కూడా లెక్కే. ఫిబ్రవరి తర్వాత ఆ చోటు ‘రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్’కి ఇచ్చేశారు. పేరుతో ఇంకో చిక్కు: మొదటి మాట బూతు. తెర మీద గుర్తులు వేసి, నోటితో ‘బ్లీప్’ అనాల్సి వచ్చింది. నోరారా పలకలేని పేరు పదిమంది నోళ్లలో నానడం కష్టం.

స్క్రిప్టుగది: కథకి ఆయుష్షు తక్కువ కాదు. ‘ఫ్రేజియర్’ అనే అమెరికన్ సిట్‌కామ్ కూడా తండ్రీకొడుకుల పొసగనితనమే, 11 సీజన్లు, 264 ఎపిసోడ్లు నడిచింది. తేడా ఇంటి దగ్గరుంది. అక్కడ ఇల్లు కొడుకుది, దెబ్బతిన్న తుంటితో వచ్చి చేరింది తండ్రి. ఇల్లు ఒకరిదైతే మొండితనం ఇంకొకరిది, అందుకే తక్కెడ ఏ వైపూ పూర్తిగా ఒరగదు. తండ్రి వెంట తెచ్చుకున్న, టేపు అతికించిన పాత కుర్చీ కొడుకు ఖరీదైన హాల్లోకి రాగానే గొడవంతా కళ్లకు కడుతుంది, డైలాగ్ అక్కర్లేదు.

‘బ్లీప్’లో ఇల్లూ, డబ్బూ, పంచ్‌లూ అన్నీ తండ్రివే. కారణం మూలంలోనే ఉంది: తండ్రి అనే మాటల్ని పెట్టడానికి జస్టిన్ హాల్పెర్న్ 2009లో తెరిచిన ట్విట్టర్ ఖాతా. అప్పట్లో ఒక ట్వీట్‌కి ఉన్న 140 అక్షరాల్లో తండ్రి మాట ఒక్కటే ఉంటే చాలు, కొడుకు వినేవాడు. దాన్నే ఇరవై చిల్లర నిమిషాలకు సాగదీస్తే వినేవాడికి పని ఉండదు.

పాతటీవీ: మరి పైలట్‌లో, అంటే నమూనాగా తీసే మొదటి ఎపిసోడ్‌లో, కొడుకు పాత్రకి ముందు ర్యాన్ డెవ్లిన్‌ని తీసుకుని తర్వాత మార్చారు కదా, దానివల్ల బాగుపడలేదా?

స్క్రిప్టుగది: మనిషిని మార్చారు గానీ పాత్ర చేసే పని మారలేదండీ. ప్రేక్షకుల ముందు తీసే మల్టీకెమెరా షోలో పంచ్ పడ్డాక నవ్వు తగ్గేదాకా ఎదుటివాడు ఆగాలి. ఆ తర్వాత వాడి దగ్గర తిప్పికొట్టే మాట లేకపోతే సీన్ అక్కడే కూలబడుతుంది.

ఇలాంటిది రాసేవాళ్లు పైలట్‌లోనే రెండు చూసుకోవాలి. కొడుక్కి తండ్రి దగ్గర లేనిది ఒకటుండాలి: ఇల్లో, సంపాదనో, తండ్రి దాచుకున్న రహస్యమో. రెండోది, అసలు గాయం మానకూడదు. ఎపిసోడ్ చివర కలుపుకోవాల్సింది ఆ రోజు గొడవ వరకే. ప్రతి వారం మనసువిప్పి మాట్లాడుకుని కౌగిలించుకుంటే, పై వారం వాళ్లు మళ్లీ ఎందుకు పోట్లాడుతున్నారో చూసేవాళ్లకి అర్థం కాదు.