రైట్ కంపెనీ కోర్టు కేసులే అమెరికా విమానాలను వెనక్కి నెట్టాయా?

నభోమణి: 1903లో మొదట ఎగిరింది అమెరికా వాళ్లు. 1918కి వాళ్ల పైలట్లు ఫ్రాన్స్‌లో తయారైన స్పాడ్, న్యూపోర్ట్ విమానాల్లో యుద్ధం చేశారు. 1909లో పుట్టిన రైట్ కంపెనీ కొత్త విమానాల కంటే దావాల మీదే మనసు పెట్టింది. అందుకే ఈ గతి.

లేత్‌మిషన్: విమానాన్ని అదుపు చేసే పద్ధతికి రైట్ సోదరులకు పేటెంట్ 1906లోనే వచ్చిందండీ. మరో అమెరికన్ విమాన తయారీదారు గ్లెన్ కర్టిస్ లైసెన్స్ తీసుకోకుండా విమానాలు అమ్మాడు. దావా వేయక ఏం చేస్తారు?

నభోమణి: కర్టిస్ వాడింది ఎయిలరాన్, అంటే రెక్కల దగ్గర విడిగా కదిలే చిన్న పలక. రైట్ సోదరులు రెక్కనే మెలితిప్పారు. రెండూ ఒకటెలా అవుతాయి?

లేత్‌మిషన్: అసలు విషయం రెండు వైపులా గాలి తగిలే కోణం మార్చి విమానాన్ని ఒరగకుండా నిలపడం. ఎయిలరాన్ చేసేదీ అదేగా! 1914 జనవరిలో అప్పీల్ కోర్టు రైట్‌ల వైపే తీర్పిచ్చింది.

రన్‌వే09: ఓడాక కర్టిస్ ఒకసారికి ఒక్క ఎయిలరానే కదిలేలా మార్చి తప్పించుకోబోయాడు.

నభోమణి: ఎయిలరాన్ వదలండి. రైట్ మోడల్ సి కూలి సైనిక పైలట్లు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. 1914లో ఆర్మీ ప్రొపెల్లర్ వెనకుండే విమానాలనే ఆపేసింది. ఆ డిజైన్ ఎందుకు మార్చలేదు?

లేత్‌మిషన్: 1912లో రైట్ సోదరుల్లో పెద్దవాడైన విల్బర్ టైఫాయిడ్‌తో పోయాడు. కేసుల అలసటే అన్నను కుంగదీసిందని ఆర్విల్ నమ్మాడు. ఆ బాధ నాకు తెలుసు. నేను గీసిన జిగ్ (పనిముట్టును సరైన చోట నడిపే బిగింపు) డిజైన్‌ను మా యజమాని తన పేరుతో అమ్ముకున్నాడు. నాకు రూపాయి రాలేదు.

నభోమణి: మా అన్నయ్య వర్క్‌షాప్‌కి ఓ పెద్ద కంపెనీ పేటెంట్ నోటీసు పంపింది. లాయర్‌కి ఇచ్చే డబ్బుల్లేక షెడ్డు మూసేశాడు. మీరేమో దొంగ అంటారు!

లేత్‌మిషన్: నేను దొంగ అన్నానా? పై మెసేజ్‌లు చదవండి.

రన్‌వే09: ఇద్దరూ కాస్త ఆగండి.

నభోమణి: సరే, సూటిగా అడుగుతున్నా. తీర్పు తర్వాత ఆర్విల్ ఒక్కో విమానానికి 20 శాతం రాయల్టీ అడిగాడు. చిన్న కంపెనీ ఎలా బతుకుతుంది? 1917లో పేటెంట్లన్నీ ఒకచోట చేర్చి, విమానానికి 200 డాలర్లు కట్టి అందరూ వాడుకున్నారు. అంటే తక్కువ రేటుతోనూ పని నడుస్తుంది. హక్కు లేదనను. రేటు అతనొక్కడే పెట్టడమే నాకు నచ్చదు.

లేత్‌మిషన్: ఆ 200 యుద్ధం ముంచుకొచ్చి ప్రభుత్వం ఒత్తిడి చేస్తే కుదిరిన రేటు. అంతకుముందు సంవత్సరాల్లో ఆర్విల్‌కి ఎంత రావాలో ఎవరు తేల్చాలి, కర్టిస్సా? దీనికి జవాబివ్వండి.