వలందపాలెంలో ‘వలంద’ ఎవరు?

అందరికీ నమస్కారం. పోయిన వారం మా అక్క కూతురు సెలవులకి హైదరాబాదు నుంచి బందరు, అదే మచిలీపట్నం, వచ్చింది. “మావయ్యా, మీ ఊళ్ళో చూడ్డానికి ఏమున్నాయి?” అంది. ఎండెక్కకముందే బండి ఎక్కించుకుని బయల్దేరాను. కోనేరు సెంటర్ దగ్గర ఇడ్లీ తిని పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం తిరిగాం. దారిలో ఒక కొట్టు బోర్డు మీద ‘వలందపాలెం’ అనీ, నాలుగు అడుగుల తర్వాత ఇంకో బోర్డు మీద ‘వలంధరపాలెం’ అనీ ఉంది. పిల్ల రెండూ చదివి, “ఇందులో ఏది రైటు? అసలు వలంద అంటే ఏంటి?” అని అడిగింది.

ఆ ప్రశ్నే ఇక్కడ పెడుతున్నాను. నాకు తెలిసింది ముందు చెబుతాను, తప్పుంటే దిద్దండి.

వలంద అంటే హాలండు. వలందావాళ్ళంటే డచ్చివాళ్ళు. 1605-06లో వాళ్ళు బందరులో దిగి, గోల్కొండ నవాబుల అనుమతితో వర్తకశాల పెట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో వచ్చారు. ఒక్కొక్కళ్ళు ఉన్న చోటుకి మనవాళ్ళు ఒక్కో పేరు పెట్టారు: వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట. పరాసు అంటే ఫ్రెంచివాడు.

మరి హాలండు వలంద ఎలా అయింది? ఈ దేశాల పేర్లు మనకి మొదట చెప్పింది పోర్చుగీసువాళ్ళు. వాళ్ళ భాషలో ‘హ’ రాస్తారు గానీ పలకరు. హోలండా అని రాసినదాన్ని ఒలాందా అంటారు. మన నోట పదం మొదట్లో ఒత్తి పలికే ‘ఒ’ ఊరికే ఉండదు, దానికి ముందు ‘వ’కారం చేరుతుంది. ఒళ్ళు వొళ్ళవుతుంది, ఒడ్డు వొడ్డవుతుంది. అలాగే ఒలందా వొలందా అయింది. ఇక వొ, వ ఒకదాని చోట ఒకటి వస్తూనే ఉంటాయి, వొచ్చాడు, వచ్చాడు అన్నట్టు. వలందా అలా వచ్చిందే.

పరాసుదీ అదే దారి. ‘ఫ’ మన పల్లె నోట ‘ప’ అవుతుంది, కాఫీని కాపీ అన్నట్టు. ‘ప్ర’ విడిపోయి ‘పర’ అవుతుంది, మంత్రం మంతరం అయినట్టు. మధ్యలో సున్న జారిపోయింది. పోర్చుగీసువాడికైతే మనవాళ్ళు బుడతకీచు అని పేరు పెట్టారు. పోర్తుగేస్ అని నాలుగుసార్లు గబగబా అని చూడండి, బుడతకీచు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకే వినపడుతుంది. ఇంత అందంగా తెలుగైన పరాయి మాట ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఇక డచ్చి సమాధుల సంగతి. బందరులో ఈ సమాధుల తోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రాళ్ళు పొడుగాటి పలకల్లా పరిచి ఉంటాయి. వాటి మీద అక్షరాలు లోపలికి తవ్వినవి కావు. చుట్టూ రాయి తీసేసి అక్షరం పైకి లేచేలా చెక్కారు. మా పిల్ల ఒక అక్షరం అంచు మీద వేలు పెట్టి తడిమింది. మూడువందల ఏళ్ళ పైబడినా అంచు వేలికి తగులుతూనే ఉంది. ఆనాటి డచ్చి సమాధుల మీద మామూలుగా మొదట ఉండే మాటలు ‘హీర్ లెయిట్ బెఖ్రావన్’, అంటే ‘ఇక్కడ సమాధి అయి ఉన్నారు’ అని. బెఖ్రావన్‌లో ఇంగ్లీషు గ్రేవ్ వినపడుతోందని ఆ పిల్లే పట్టుకుంది. రెండూ అక్కచెల్లెళ్ళ భాషలే కదా.

ఈ ఊళ్ళో కళ్ళకి కనపడేలా మిగిలింది తక్కువ. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. బందరుకోటలో కొన్ని కట్టడాలు, ఈ సమాధులు, రెండు మూడు చర్చిలు తప్పితే ఆ వర్తకుల కాలం నాటివి పెద్దగా లేవు. పేటల పేర్లు మాత్రం చెక్కు చెదరలేదు. అందుకే బోర్డు మీద ఒక్క అక్షరం మారినా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

బందరువాళ్ళు, బయటివాళ్ళు అందరూ చెప్పండి. మీ పెద్దలు వలంద అంటారా, వలందర అంటారా, వొలంద అంటారా?

నరసాపురం నుంచి ఒక సభ్యురాలు:
మా ఊళ్ళో గోదావరి గట్టున వలంధర రేవు ఉందండి. పుష్కరాలకి జనమంతా దిగేది అక్కడే. చిన్నప్పటినుంచీ ‘ధ’ ఒత్తుతోనే చూశాను. గంగాధర, వసుంధర లాగా ఇదేదో సంస్కృత పదమనీ, వలంధరుడని ఒక ఋషి ఉండేవాడేమో అనీ అనుకునేదాన్ని. ఇదీ డచ్చివాళ్ళదేనా?

నా జవాబు:
అవునమ్మా, అదీ వాళ్ళదేనని నా నమ్మకం. మీ పక్కనే పాలకొల్లులో డచ్చివాళ్ళ వర్తకశాల ఉండేది, ఆ సరుకంతా ఓడలకి ఎక్కాలంటే గోదావరి దారే. ఇక ఆ ‘ర’ ఎక్కడిదో చూడండి. వలంద రేవు, వలంద రేవు అని వరసగా అనండి. వలంద్రేవు అవుతుంది. దాన్ని మళ్ళీ రాతలో పెట్టేవాడు వలందర్ + రేవు అని విడగొట్టి ఉంటాడు. రేవులోని ‘ర’ ముందు మాటకి అంటుకుపోయింది, రేవుకి మళ్ళీ తన ‘ర’ తనకి ఉండనే ఉంది. అలా వలందర రేవు తయారైంది. పైన ‘ధ’ ఒత్తు పెట్టినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు, మాట సంస్కృతంలా వినపడుతోంది కాబట్టి దిద్దుదామని. వసుంధర పోలిక మీకు తట్టినట్టే వాళ్ళకీ తట్టింది.

తమిళంలో డచ్చివాళ్ళని ఒల్లాందర్ అంటారు. ఆ ‘అర్’ బహువచనం. అటునుంచి వచ్చిన దుబాసీల (మాటలు అనువదించేవాళ్ళ) నోట మనకి ‘ర్’ అంటి ఉండొచ్చని కూడా వాదించవచ్చు. కానీ బందరులో పాలెం ముందు ‘ర’ లేకుండా వలందపాలెమే నిలిచింది, ‘ర’ వచ్చింది రేవు పక్కన. అందుకే నేను రేవు వైపే మొగ్గుతున్నాను. మా బోర్డు మీది ‘వలంధర’ మీ రేవు పేరు చూసి ఎవరో దిద్దినదేమో!

ఒక సభ్యుడు:
సార్, ఇంత తంటా ఎందుకు? వలంద అంటే ఎవరికీ అర్థం కాదు. డచ్ పేట, డచ్ రేవు అని మార్చేస్తే టూరిస్టులకి వెంటనే తెలుస్తుంది. ఊరికి నాలుగు డబ్బులొస్తాయి.

నా జవాబు:
ఊరికి నలుగురు రావాలని నాకూ ఉందండి. కానీ డచ్ అనేది వాళ్ళు తమను పిలుచుకునే పేరు కాదు, అది ఇంగ్లీషువాడు వాళ్ళకి పెట్టిన పేరు. వలంద మన తాతలు తమ చెవులతో విని, తమ నోటితో పలికి నిలబెట్టుకున్న పేరు. ఆ ఓడల నుంచి మూటలు దింపినవాళ్ళు, రేవులో బేరమాడినవాళ్ళు, సమాధికి రాయి మోసినవాళ్ళు అన్న మాట అది. వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. వాళ్ళ గొంతు మిగిలింది ఈ మాటలోనే. దీన్ని తీసి డచ్ పేట అని పెడితే ఊరి చరిత్రలో మనవాళ్ళ వంతు తుడిచేసినట్టవుతుంది. కావాలంటే వలందపాలెం అని పెద్దక్షరాల్లో రాసి, కింద చిన్నక్షరాల్లో ‘డచ్చివారు ఉన్న పేట’ అని రాయమనండి. వచ్చినవాడు రెండూ చదువుకుంటాడు.

పరాసుపేటకీ ఇదే భయం ఉంది. ‘పరాసు’ని ‘పరశు’ అని దిద్ది పరశురాముడికి ముడిపెట్టే రోజు రాకుండా చూసుకోవాలి. బందరులో ఫ్రెంచివాళ్ళకి ఉన్న చిన్న ముక్క 1947 అక్టోబరులో గానీ మన చేతికి రాలేదు. మనకి స్వాతంత్ర్యం వచ్చిన రెండు నెలలకి! ఇది చెబితే మా ఊరి కుర్రాళ్ళే నమ్మరు.

మలేషియా నుంచి ఒక తెలుగు సభ్యుడు:
అన్నగారూ, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఇక్కడ మలయ్ భాషలో హాలండుని బెలందా అంటారు. మనం లక్ష్మణఫలం అనే ముళ్ళ పండుని ఇక్కడ దురియాన్ బెలందా అంటారు. దురియాన్ ఇక్కడి ఇంకో ముళ్ళ పండు, కాబట్టి హాలండు దురియాన్ అని అర్థం.

నా జవాబు:
తమ్ముడూ, చాలా మంచి సంగతి చెప్పావు. మనం సీమచింత, సీమవంకాయ, సీమసున్నం అంటాం చూడు, బయటినుంచి వచ్చిన ప్రతిదానికీ ముందు సీమ చేర్చి. మలయ్ వాళ్ళు బెలందా చేర్చారు. ఇంకో ముచ్చట. జావా ద్వీపంలో పడమటి వైపు సుండా భాషలో హాలండువాళ్ళని వలందా అనే అంటారు, అచ్చం మా వలందపాలెంలో వలంద! డచ్చివాళ్ళు బందరుకి వచ్చిందే గుడ్డల కోసం. మన అద్దకం గుడ్డలు పట్టుకెళ్ళి ఆ ద్వీపాల్లో లవంగాలు, జాజికాయ కొనేవాళ్ళు. గుడ్డలు తిరిగిన దారిలోనే ఈ మాట కూడా తిరిగిందా, లేక రెండుచోట్లా పోర్చుగీసు మాటే విడివిడిగా మారిందా అంటే, రెండోదే తేలిగ్గా కుదురుతుంది. అయినా ఒకే ఓడలోవాళ్ళని రెండు తీరాల జనం ఒకే మాటతో పిలిచారంటే నాకెంతో సంబరంగా ఉంది.

అద్దకం అన్నాను గనక ఒక మాట. ఇప్పుడు అందరూ కలంకారీ అంటున్నారు. అది పారసీ మాట, కలంతో చేసే పని అని అర్థం. మా పక్కనే పెడనలో చేసేది చెక్క అచ్చులతో. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ మీద అచ్చు అద్దుతారు. అందుకే అద్దకం. పనికి సరిపోయిన పేరు అదే. కలంకారీని వదిలెయ్యమనను, లోకమంతా ఆ పేరుతోనే కొంటోంది. అద్దకాన్ని కూడా మర్చిపోవద్దంటున్నాను.

ఒక పెద్దాయన, తెలుగు మాష్టారు:
నాయనా, పేటల పేర్లు చెప్పావు, ఊరి పేరు వదిలేశావేం? బందరు, మచిలీపట్నం, ఈ రెండింటి సంగతి కూడా తేల్చు.

నా జవాబు:
మాష్టారూ, బందరు తేలికే. పారసీలో బందర్ అంటే ఓడరేవు. కాబట్టి మేం బందరు రేవు అన్నప్పుడల్లా రేవు రేవు అన్నట్టే. ఓడల మాటల్లో పారసీ, అరబ్బీ మనకి చాలా ఉన్నాయి. లంగరు పారసీ నుంచి, చుక్కాని అరబ్బీ సుక్కాన్ నుంచి. చుక్కానిలో చుక్కలు చూసి ఓడ నడపడం ఉందని చిన్నప్పుడు ఒకాయన నాకు చెప్పాడు. ఎంతో బాగుంది గానీ నిజం కాదు.

మచిలీకి అందరూ హిందీ మఛిలీ, చేప అని చెప్పేస్తారు. నాకు ఒప్పుదల కాదు. క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో గ్రీకు నావికుడు రాసుకున్న ఎర్రసముద్రపు దారి వివరాల్లో ఈ తీరం పేరు మసాలియా అని ఉంది, ఇక్కడ సన్నని నూలు గుడ్డలు దొరుకుతాయని కూడా ఉంది. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ పండితుడు టాలెమీ మైసోలియా అన్నాడు, కృష్ణానదిని మైసోలోస్ అన్నాడు. అప్పటికి హిందీ ఎక్కడిది? ఆ పాత ‘మసల’ వంటి మాట ఏదో జనం నోట నిలిచి ఉంటే, తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని తమకి తెలిసిన చేపతో కలిపి ఉంటారు. వలందకి ‘ధ’ ఒత్తు పెట్టినట్టే.

నరసాపురం సభ్యురాలు మళ్ళీ:
మీరు చెప్పినట్టు వలంద రేవు, వలంద రేవు అని అంటుంటే మా అబ్బాయి నవ్వాడు. తర్వాత వాడూ అన్నాడు. నిజంగానే వలంద్రేవు అయిపోయిందండి! ఇంతకీ మీ సమాధుల మీది అక్షరాలు పూర్తిగా చదివారా? సుద్దపొడి రాస్తే బాగా కనపడతాయంటారు.

నా జవాబు:
వద్దమ్మా, రక్షణలో ఉన్న రాళ్ళు, వాటి మీద ఏదీ రాయకూడదు, రుద్దకూడదు. దానికి పొద్దుటి ఎండే మందు. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఏటవాలు వెలుగు పడితే లేచిన ప్రతి అక్షరానికీ ఓ పక్క నీడ వస్తుంది, పేరు దానంతటదే కనపడుతుంది. ఎనిమిదయ్యేసరికి నీడ తగ్గి మళ్ళీ రాయి రాయిలా అయిపోతుంది. మొన్న మేం ఇడ్లీ తిని వెళ్ళేసరికి ఆలస్యమైంది. ఆదివారం ఆరింటికే వెళ్తున్నాం. మా పిల్ల నోటుపుస్తకం, పెన్సిలు సర్దుకుని పెట్టుకుంది. చదివినంతవరకు ఇక్కడే రాస్తాను.