కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలతో హాలు సర్దడం: ఏది ఎక్కడ పెట్టాలి? (ఒకరి ప్రశ్నకి నలుగురి జవాబులు, ప్రతి మాట పైనా రాసినవారి మారుపేరు)

గడపముగ్గు
హాలు గోడలన్నీ తెలుపు, సోఫా బూడిద రంగు. లోపలికి అడుగు పెట్టగానే మనసు తేలికపడేలా మన బొమ్మలతో సర్దాలి. కొండపల్లి పల్లెటూరి సెట్టు, ఏటికొప్పాక లక్క బొమ్మలు పది, చేర్యాల మాస్కులు నాలుగు, నిమ్మలకుంట తోలుబొమ్మ లాంపు షేడు ఒకటి ఉన్నాయి. పడమర వైపు పెద్ద కిటికీ, తలుపు లేని వంటిల్లు. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పండి.

పొనికిచెక్క
కొండపల్లి సెట్టుతో మొదలుపెడదాం. దానికి భయం నీళ్లంటేనే. తెల్ల పొనికి కర్ర బాగా తేలిక, మెత్తన. బొమ్మంతా ఒకే చెక్కలోంచి రాదు. చేతులు, తల, తొండం విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. దానిమీద సున్నం పూత, ఆపైన రంగు. తడిగుడ్డతో తుడిస్తే ఆ మక్కు మెత్తబడుతుంది. మెడ దగ్గరా మణికట్టు దగ్గరా వెంట్రుకంత గీత కనిపించిందంటే అతుకు వదులుతోందన్నమాట.

దుమ్ముకి అంగుళం వెడల్పున్న మెత్తటి పెయింటింగ్ బ్రష్ వాడండి, వారానికోసారి, పైనుంచి కిందికి. చెయ్యి ఊడితే క్షణంలో అతుక్కునే గమ్ము వద్దు. దాని ఆవిరికి చుట్టూ రంగు మీద తెల్లటి పొర వస్తుంది, పైగా వంకరగా అంటుకుంటే సరిచేయడానికి వ్యవధి ఉండదు. పాత మక్కు పొడిని గీకి, రెండు వైపులా పల్చగా ఫెవికాల్ రాసి, నూలుదారంతో చుట్టి ఒక రోజు కదపకుండా ఉంచండి. సందు మిగిలితే సన్న రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి నింపండి.

బొమ్మ కింద పిండిలాంటి పొడి రాలితే పురుగు పట్టినట్టే. వెంటనే కవర్లో మూసి మిగతావాటికి దూరంగా పెట్టండి.

లక్కపిడత
ఏటికొప్పాక బొమ్మల సంగతి వేరు. లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకి రంగు లక్క పుల్లని నొక్కి పట్టుకుంటారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది, ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. వేడికి అంటిన లక్క వేడికే మెత్తబడుతుంది. అందుకే సెట్‌టాప్ బాక్సు మీద, పొయ్యి పక్కన, పడమటి కిటికీ గట్టు మీద పెట్టకండి. మే నెలలో ఒకదానికొకటి ఆనించిన బొమ్మలు అతుక్కుంటాయి, విడదీస్తే ఒకదాని రంగు రెండోదానికి అంటుకుని ఊడొస్తుంది. మధ్యలో వేలు పట్టేంత ఖాళీ ఉంచండి.

శానిటైజర్ చేతులతో ముట్టుకోకండి, అద్దాలు తుడిచే స్ప్రే అసలే వద్దు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. వేలిముద్ర పడిన చోట మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. పొడి నూలుగుడ్డ చాలు.

సహజ రంగుల బొమ్మలైతే ఇంకో మాట. (ఆ రంగుల కోసం కృషి చేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.) పసుపుతో వచ్చే రంగు ఎండకి అన్నిటికంటే ముందు వెలిసిపోతుంది, నీలిమందు రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది. పసుపు రంగు బొమ్మల్ని కిటికీకి దూరంగా, వెనక వరసలో పెట్టండి.

గోడమేకు
కిటికీ ఎదురు గోడకి పడమటి ఎండ నేరుగా కొడుతుంది, దాన్ని వదిలేయండి. కిటికీ ఉన్న గోడకే పక్కగా మూడు అరలు వేయండి. లోతు 5 అంగుళాలు, అరకీ అరకీ మధ్య 9 అంగుళాలు, నడిమి అర నేల నుంచి నాలుగున్నర అడుగులు. ఆ గోడ ఒక్కదానికే ముదురు నీలం వేయించండి, ఎరుపూ పసుపూ ఎగిసి కనిపిస్తాయి. ప్రతి అరలో మూడోవంతు ఖాళీ వదలండి. నిండా పేర్చితే దుకాణంలా ఉంటుంది, ఏ బొమ్మ మీదా కన్ను నిలవదు.

మాస్కులు కూడా రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో చేసినవే. వాన తడి ఎక్కే బయటి గోడకి తగిలిస్తే వెనక బూజు పడుతుంది. లోపలి గోడకే తగిలించి, వెనక రెండు కార్కు ముక్కలు అతికించండి. గాలి ఆడుతుంది.

తోలుపటం
నీలం గోడ బాగుంటుంది కానీ, లాంపు షేడు దగ్గర మాత్రం తెలుపు మార్చకండి! ఆ షేడు అందమంతా చిల్లుల్లోంచి గోడ మీద పడే వెలుగు చుక్కల్లోనే ఉంది, ముదురు రంగు వాటిని మింగేస్తుంది. గోడకి అడుగు దూరంలో పెట్టండి. బల్బు 5 వాట్ల ఎల్ఈడీ, పసుపు వెలుగుది. పాతకాలం 60 వాట్ల బల్బు పెడితే మేకతోలు ముడుచుకుని, ఇనుప చట్రానికి కుట్టిన దారం దగ్గర చిరుగుతుంది. బల్బుకీ తోలుకీ మధ్య కనీసం మూడంగుళాలు ఉండాలి.

గడపముగ్గు
అందరికీ ధన్యవాదాలండీ. షేడు లోపలి తెల్లగోడ మూలకి, లక్క బొమ్మలు నీలం గోడకి. పల్లెటూరి సెట్టుని అద్దాల పెట్టెలో పెట్టొచ్చా?

పొనికిచెక్క
పెట్టొచ్చు, వంటింటి జిడ్డు నుంచి కాపాడుతుంది. కానీ పూర్తిగా మూసేస్తే వానాకాలంలో లోపలి తడి బయటికి పోదు. వెనక చెక్కకి పైన రెండు, కింద రెండు చిన్న చిల్లులు పెట్టి సన్న జాలీ అతికించండి. పెట్టెలో వేడెక్కే లైటు పెట్టకండి.