ఉద్దానం: ఆల్బుమిన్ నిల్, బీపీ నార్మల్, క్రియాటినిన్ మాత్రం 2.1. ముందు ఏం చేయాలి?

కంచిలి సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అడిగిన ప్రశ్న

విలేజ్ హెల్త్ క్లినిక్ స్క్రీనింగ్‌లో ఒకావిడకి క్రియాటినిన్ (కిడ్నీ వడపోయాల్సిన, రక్తంలోని వ్యర్థం) 2.1 వచ్చింది. వయసు 48, బరువు 46 కిలోలు, జీడిపిక్కల పని. షుగర్ లేదు, బీపీ 112/70, కాళ్ళకి నీరు లేదు. డిప్‌స్టిక్‌లో (మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్పు) ఆల్బుమిన్ అనే ప్రొటీన్ నిల్. మోకాళ్ళ నొప్పులకి వారానికి ఒకట్రెండు సార్లు ఊళ్ళోనే సూది వేయించుకుంటుంది, నీరసంగా ఉంటే సెలైన్ పెట్టించుకుంటుంది. "నీరూ పట్టలేదు, నొప్పీ లేదు, మరి రోగమేటమ్మా?" అంటోంది. ఇంట్లోవాళ్ళు ల్యాబ్ తప్పంటున్నారు.

డిప్‌స్టిక్ నిల్ అంటే నమ్మొచ్చా? డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర కిడ్నీకి పనిచేస్తుందని అందరూ అంటున్నారు, మన ఉద్దానంలో వచ్చే, కారణం తెలియని కిడ్నీ జబ్బుకి అది పనిచేస్తుందన్న రుజువు ఉందా? నీళ్ళు, బోండాలు తగ్గించాలా? క్రియాటినిన్ ఎంతకి వస్తే డయాలసిస్? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

నెఫ్రాలజీ డాక్టర్, విశాఖ

మేడమ్, డిప్‌స్టిక్‌ని నమ్మి వదిలేస్తే ఉద్దానంలో సగం జబ్బు చేజారిపోతుంది. ఇక్కడి జబ్బు చాలామందిలో వడపోత గుత్తుల జోలికి వెళ్ళేముందే కిడ్నీలోని సన్నటి గొట్టాలనీ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ పాడుచేస్తుంది. గుత్తులు చెడితే ఆల్బుమిన్ పోతుంది, ఒళ్ళు నీరు పడుతుంది, బీపీ పెరుగుతుంది. గొట్టాలు చెడితే ఇవేవీ కనబడవు. పైగా గొట్టాల జబ్బులో పోయే చిన్న ప్రొటీన్లని డిప్‌స్టిక్ పట్టుకోదు, అది ముఖ్యంగా ఆల్బుమిన్‌నే చూస్తుంది. అందుకని పొద్దుటి మొదటి మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి, ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి రెండూ చేయించండి. మొదటిది తక్కువగా, రెండోది ఎక్కువగా వస్తే లోపం గొట్టాల్లో ఉందనుకోవచ్చు. మరో మాట: స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే మన సముద్రపు గాలి తేమకి అవి పాడైపోతాయి, నిల్ అన్నది స్ట్రిప్పు లోపమూ కావచ్చు.

2.1 అనే అంకెని ఒంటరిగా చూడొద్దు. క్రియాటినిన్ నుంచి కిడ్నీ పనితనం లెక్కగట్టే 2021 సీకేడీ–ఎపీ సూత్రంలో వేస్తే 48 ఏళ్ళ మగవాడికి 2.1 అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత వడపోస్తున్నాయన్న అంచనా) 38. అదే వయసు ఆడమనిషికి 29 లోపే. అంటే ఆయనది మూడో దశ, ఈవిడది నాలుగో దశ అంచు. 46 కిలోల మనిషికి కండ తక్కువ కాబట్టి అసలు పనితనం ఇంకా తక్కువే ఉండొచ్చు.

అలాగని ఈ ఒక్క రిపోర్టుతో దీర్ఘకాలిక జబ్బని రాసేయకండి. నొప్పి సూదులు ఆపి, వారం పది రోజులకి అదే ల్యాబ్‌లో మళ్ళీ చేయించండి. సూదుల వల్ల తాత్కాలికంగా పెరిగిన భాగం ఉంటే దిగుతుంది. మూడు నెలలు దాటినా ఈజీఎఫ్ఆర్ 60 లోపే ఉంటే అప్పుడు దీర్ఘకాలికం. ఈలోగా అల్ట్రాసౌండ్ తప్పనిసరి: రాళ్ళ వల్ల మూత్రం దారి మూసుకుపోయి ఉంటే అది బాగుచేయగల జబ్బు. రెండు కిడ్నీలూ సమానంగా కుంచించుకుని 9 సెం.మీ. లోపు ఉంటే పాత జబ్బే.

ఇక డాపాగ్లిఫ్లోజిన్. 2020లో వచ్చిన డాపా–సీకేడీ పరీక్షలో 4,304 మంది ఉన్నారు, షుగర్ లేనివాళ్ళు కూడా. కిడ్నీ బాగా దెబ్బతినడం, డయాలసిస్, మరణం లాంటివి కలిపి చూస్తే 39 శాతం తగ్గాయి. కానీ అందులో చేర్చుకున్నది మూత్రంలో ఆల్బుమిన్ 200 మి.గ్రా. పైగా పోతున్నవాళ్ళనే. మన ఆవిడలాంటివాళ్ళు అందులో లేరు. తర్వాత వచ్చిన ఎంపా–కిడ్నీ పరీక్ష (6,609 మంది, అదే కోవ మందు ఎంపాగ్లిఫ్లోజిన్) ఈజీఎఫ్ఆర్ 20–45 ఉన్నవాళ్ళని ఆల్బుమిన్‌తో పని లేకుండా తీసుకుంది. ఆల్బుమిన్ తక్కువున్నవాళ్ళలో కూడా ఏడాదికి తగ్గే ఈజీఎఫ్ఆర్ వేగం కొంత నెమ్మదించింది గాని, డయాలసిస్ తప్పిందని తేల్చేంత తేడా వాళ్ళలో కనబడలేదు. అందుకే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ కేడిగో 2024 మార్గదర్శకాలు ఈ గుంపుకి బలహీనమైన సిఫారసు మాత్రమే ఇచ్చాయి. ఉద్దానం రకం మీద నిరూపితమైన మందు ఇప్పటికి ఏదీ లేదు. ఆ మాట ఇంట్లోవాళ్ళకి సూటిగా చెప్పడమే న్యాయం.

నా అభిప్రాయం అడిగితే, రెండోసారి రక్తపరీక్షలోనూ ఈజీఎఫ్ఆర్ 20 పైన నిలకడగా ఉంటే డాపాగ్లిఫ్లోజిన్ రోజుకి 10 మి.గ్రా. ఇచ్చి చూడటంలో తప్పు లేదు. అయితే ఎండలో పనిచేసే సన్నటి మనిషికి ఒంట్లో నీరు తగ్గే ప్రమాదం ఉంది. వాంతులు, విరేచనాలు, ఉపవాసం, ఆపరేషన్ ఉన్నప్పుడు మాత్ర ఆపాలి. మొదటి వారాల్లో క్రియాటినిన్ కొద్దిగా పెరగడం మామూలే, 30 శాతం దాటి ఈజీఎఫ్ఆర్ పడితే మాత్రం పిలిపించండి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందులు ఈవిడకి ఇప్పుడు అక్కర్లేదు. బీపీ 112, ఆల్బుమిన్ లేదు, ఇస్తే కళ్ళు తిరగడమే మిగులుతుంది.

కారణం గురించి కూడా అడుగుతారు. నీళ్ళలో సిలికా, పురుగుమందులు, ఎండ, జన్యువులు అన్నిటి మీదా పని జరుగుతోంది, ఏదీ ఖాయం కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. ఉద్దానంలో ఊరూరా తిరిగి చేసిన సర్వేలో పెద్దవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు తేలింది. వంశధార నీళ్ళు వచ్చాయి కదా, ఇక తగ్గిపోతుందా అంటే, ఇప్పటికే మచ్చపడిన కిడ్నీ నీళ్ళు మారినంత మాత్రాన తిరిగి రాదు.

ఫార్మసిస్ట్, సోంపేట

డాక్టర్ గారు సూదులు ఆపమన్నారు. ఆపడం ఎక్కడ తప్పుతుందో చెప్తాను. సూది మానేసి షాపులో "నొప్పి బిళ్ళ" కొంటారు. షీటు మీద పారాసెటమాల్ అని కనబడుతుంది, దాని పక్కనే ఎసిక్లోఫెనాకో డైక్లోఫెనాకో ఉంటుంది. పారాసెటమాలే కదా అని వేసుకుంటారు. అందుకని ఆవిడ ఇంట్లో ఉన్న షీట్లన్నీ తెప్పించి మీరే వెనకవైపు చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్, పైరాక్సికామ్, ఎటోరికాక్సిబ్ ఏది కనబడినా పక్కన పెట్టించండి. కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళం తెరిచి ఉంచే పదార్థాన్ని ఇవి అడ్డుకుంటాయి. ఒంట్లో నీరు తక్కువున్న రోజున ఒక్క సూది కూడా దెబ్బే.

బదులుగా ఒట్టి పారాసెటమాల్ 500 లేదా 650, రోజుకి 2–3 గ్రాములు దాటకుండా. మోకాలి మీద రాసుకునే జెల్ రక్తంలోకి చాలా తక్కువ పోతుంది గాని, డబ్బాలకి డబ్బాలు రాస్తే అదీ మందే. నొప్పి బిళ్ళతో పాటు అలవాటుగా ఇచ్చే పాంటాప్రజోల్ అవసరం లేకపోతే అదీ ఆపించండి, అరుదుగా అయినా ఆ మందు వల్లే గొట్టాల చుట్టూ వాపు వస్తుంది. జెంటామైసిన్, అమికాసిన్ సూదులు డాక్టర్ చూడకుండా వద్దు. భస్మాలు, నాటు పొడులు అసలు వద్దు, వాటిలో సీసం, పాదరసం దొరికిన సందర్భాలున్నాయి.

ఆవిడ పుస్తకం మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో రాయండి: "కిడ్నీ జబ్బు. నొప్పి సూది వేయరాదు." ఊళ్ళో సూది వేసేవారితో కూడా మీరే నేరుగా మాట్లాడండి. ఆయన మీద కోపం చూపిస్తే ఆవిడ మీకు చెప్పకుండా వెళ్తుంది.

డైటీషియన్, విజయనగరం

కిడ్నీ అనగానే నీళ్ళు తగ్గించేయడం మన దగ్గర పెద్ద పొరపాటు. నీరు పట్టనివాళ్ళకి, మూత్రం బాగా వస్తున్నవాళ్ళకి నీళ్ళు తగ్గించకూడదు. గొట్టాలు చెడినవాళ్ళు మూత్రాన్ని చిక్కబరచలేరు, ఉప్పు కూడా పోగొట్టుకుంటారు. నిలబడితే బీపీ పడిపోతోందేమో చూడండి. పడుతుంటే ఉప్పు బలవంతంగా మాన్పించొద్దు. లేకపోతే రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను, అంతే. ఎండుచేపలు, ఊరగాయ ఉన్న రోజున ఆ లెక్క వాటితోనే నిండిపోతుంది. ఎండలో పనిచేసే రోజున నీళ్ళూ, నీడా, మధ్యమధ్య విశ్రాంతీ. నికరాగువా చెరకు కోత కూలీల్లో ఇవి పెంచి చూస్తే సీజన్‌లో కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. చోడంబలి (రాగి అంబలి) పలచగా తాగినా మంచిదే.

బోండాం నీళ్ళు పొటాషియం రిపోర్టు చూశాకే. ఒక పెద్ద బోండాంలో 500 మి.గ్రా. పైన కూడా పొటాషియం ఉండొచ్చు. పొటాషియం 5 లోపు ఉన్నవాళ్ళకి అప్పుడప్పుడు ఒకటి తాగితే ఏమీ కాదు. ఈ రకం జబ్బులో కొందరికి పొటాషియం తక్కువే ఉంటుంది, వాళ్ళకి పండ్లు మాన్పించడం అన్యాయం. ప్రొటీన్ కిలోకి 0.8 గ్రాములు, ఈవిడకి 37 గ్రాములు. పప్పూ, గుడ్డూ మాన్పించి ఒట్టి గంజితో పెడితే ఉన్న కండ కూడా పోతుంది.

కంచిలి సీహెచ్‌వో

అందరికీ ధన్యవాదాలండి. సూదులు ఆపాక రిపోర్టులు వచ్చాయి. క్రియాటినిన్ 1.9, ఆల్బుమిన్ నిష్పత్తి 45, ప్రొటీన్ నిష్పత్తి 600, కిడ్నీలు 8.2, 8.0 సెం.మీ., బైకార్బొనేట్ (రక్తంలో ఆమ్లానికి విరుగుడు) 19. పొటాషియం 6.1 అని ఉంది, అదే భయం. శాంపిల్ ఐస్ బాక్సులో పంపాం.

నెఫ్రాలజీ డాక్టర్, విశాఖ

ఐస్ బాక్సే కారణం కావచ్చు. వేరుచేయని రక్తాన్ని చల్లగా ఉంచితే కణాల్లోని పొటాషియం సీరంలోకి కారుతుంది, అంకె దొంగగా పెరుగుతుంది. కానీ దొంగ అంకె అనుకుని వదిలేయొద్దు. ఈరోజే ఈసీజీ తీయించండి. టీ తరంగాలు మొనదేలి ఉంటే, గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంటే 108. ఈసీజీ బాగుంటే ఈరోజే మళ్ళీ రక్తం తీయించండి: పట్టీ ఒక నిమిషం లోపు విప్పేయాలి, పిడికిలి బిగించి వదలమని చెప్పొద్దు, సిరంజి నుంచి సూది గుండా ట్యూబులోకి బలంగా కొట్టొద్దు, ఐస్ వద్దు, రెండు గంటల్లోపు సీరం వేరుచేయాలి.

బైకార్బొనేట్ 19కి సోడాబైకార్బ్ 500 మి.గ్రా. రోజుకి రెండు మొదలుపెట్టొచ్చు, పొటాషియం దిగడానికి కూడా సాయం. 45, 600 అంకెల తేడా చూశారుగా, గొట్టాల జబ్బే.

డయాలసిస్‌కి క్రియాటినిన్ అంకె ఏదీ లేదు. డయాలసిస్ ఎప్పుడు మొదలుపెట్టాలో చూసిన 2010 నాటి ఐడియల్ పరీక్షలో, ముందుగా మొదలుపెట్టినవాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎక్కువ కాలమేమీ బతకలేదు. ఆయాసం, ఆగని వాంతులు, మందుకి లొంగని పొటాషియం, నీరు, ఇవి చూసి మొదలుపెడతాం. ఈవిడకి ఇప్పుడు కాదు. మూడు నెలలకోసారి పరీక్ష.

డయాలసిస్ టెక్నీషియన్, పలాస

డయాలసిస్ ఇప్పుడు కాకపోయినా చెయ్యి ఇప్పటినుంచే కాపాడాలక్కా. కుడిచేతి వాటమైతే ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేయి దాకా సెలైన్ కాన్యులా పెట్టొద్దు. రక్తం కావాలంటే అరచేతి వెనక నుంచి తీయండి. ఆ నరాలు సెలైన్లతో గట్టిపడిపోతే తర్వాత ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనీ కలిపి చేసే దారి) నిలవదు, మెడలో కాథెటర్ తప్పదు, దానితో చలిజ్వరాలు. ఈజీఎఫ్ఆర్ 15–20కి దిగుతుంటే సర్జన్‌కి చూపించండి. ఫిస్టులా పండడానికి తక్కువలో తక్కువ ఆరు వారాలు పడుతుంది, సన్నటి నరాలవాళ్ళకి మూడు నెలలు కూడా.

హెపటైటిస్ బి టీకా ఇప్పుడే వేయించండి. డయాలసిస్ మొదలయ్యాక ఒంట్లో రక్షణ సరిగా రాదు. కిడ్నీవాళ్ళకి రెట్టింపు మోతాదు: 20 మైక్రోగ్రాముల టీకా అయితే ఒక్కో విడతకి రెండు, కలిపి 40, భుజం కండలో, 0, 1, 2, 6 నెలలకి. పిర్రలో వేయొద్దు. చివరి విడత అయిన నెల రెండు నెలలకి యాంటీ–హెచ్‌బీఎస్ (టీకా రక్షణ వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించండి, 10 లోపు వస్తే మళ్ళీ వేయాలి.