డెట్రాయిట్ 'డెత్' బ్యాండ్ పేరు మార్చుకుని ఉండాల్సిందా?

రేడియో పిచ్చి:
తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. డేవిడ్, బాబీ, డానిస్ హ్యాక్నీ డెట్రాయిట్‌లో పెరిగిన ముగ్గురు నల్లజాతి అన్నదమ్ములు. మొదట్లో ఫంక్ (నల్లవాళ్ల డాన్స్ సంగీతం) వాయించేవాళ్లు, తర్వాత రాక్ వైపు మళ్లారు. పంక్ అనే పేరు రాకముందే పంక్ లాంటి వేగమైన, గరుకైన రాక్ అది. తండ్రి రోడ్డు ప్రమాదంలో పోయాక ముగ్గురిలో పెద్దవాడైన డేవిడ్ బ్యాండ్‌కి 'డెత్' అని పేరు పెట్టాడు. 1975లో రికార్డింగ్ ఖర్చు పెట్టుకున్న రికార్డు కంపెనీ అధిపతి క్లైవ్ డేవిస్ ఆ పేరు మార్చమంటే డేవిడ్ ససేమిరా అన్నాడు. 12 పాటలు అనుకున్నది 7 దగ్గర ఆగిపోయింది. మరుసటేడు ఒక సింగిల్‌ని (ఒకట్రెండు పాటల చిన్న రికార్డు) సొంతంగా 500 కాపీలు వేసుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. నా ఉద్దేశంలో డేవిడ్ చేసిందే కరెక్ట్. మీరేమంటారు?

గోదారి బాస్:
నేను ఒప్పుకోను అన్నా. పేరు మార్చుకుని ఉంటే ఆ రికార్డు 1976లో షాపుల్లో ఉండేది. జేమ్స్ స్పూనర్ 2003లో తీసిన 'ఆఫ్రో-పంక్' డాక్యుమెంటరీ చూడండి. అందులో మాట్లాడినవాళ్లలో చాలామందిది ఒకటే కథ: పంక్ షోకి వెళ్తే ఆ గదిలో నల్లవాళ్లు తామొక్కరే. ఇంటికొస్తే 'ఇది తెల్లవాళ్ల మ్యూజిక్, నీకెందుకు' అంటారు. రెండు చోట్లా పరాయివాళ్లే. అలాంటి పిల్లల చేతికి ఈ రికార్డు ముందే అందితే ఎంత ధైర్యంగా ఉండేది! ఒక్క పేరు కోసం అది పోయింది.

సందు చివర డ్రమ్ములు:
పేరే అసలు అడ్డంకి అని మీరిద్దరూ ఎలా నమ్ముతున్నారు? 'బ్లాక్ సబ్బాత్' అనే భయపెట్టే పేరున్న బ్యాండ్‌కి 1970 నుంచే రికార్డులు బ్రహ్మాండంగా అమ్ముడుపోయాయి. 'గ్రేట్‌ఫుల్ డెడ్' బ్యాండ్ పేరులోనే చావుంది, వాళ్ల వెనక వార్నర్ రికార్డు కంపెనీ ఉండేది. ఇదే డెట్రాయిట్ ప్రాంతం నుంచి 1968లో ఎంసీ5, స్టూజెస్ అనే రెండు రాక్ బ్యాండ్‌లని ఎలెక్ట్రా అనే రికార్డు కంపెనీ తీసుకుంది. వాళ్లేమన్నా బుద్ధిమంతులా? తెల్లవాళ్లు. డెట్రాయిట్ నల్లవాళ్లంటే మోటౌన్ (ఆ ఊరి నల్లవాళ్ల పాప్ కంపెనీ), సోల్, ఫంక్ అని అందరూ ముందే గిరి గీసేశారు. రాక్ స్టేషన్‌కి వీళ్ల ముఖాలు నచ్చవు, సోల్ స్టేషన్‌కి వీళ్ల గిటార్ నచ్చదు. పేరు మార్చుకున్నా ఆ తర్వాత 'కాస్త డాన్స్ బీట్ పెట్టండి' అనేవాళ్లు. ఇది నా అంచనాయే, కానీ గట్టి అంచనా.

కొత్తగా వచ్చాను:
మరి బ్యాడ్ బ్రెయిన్స్ అనే పంక్ బ్యాండ్ సంగతేంటండి? వాళ్లూ నలుగురు నల్లవాళ్లే కదా, వాషింగ్టన్ నుంచి వచ్చి నిలబడ్డారు.

సందు చివర డ్రమ్ములు:
మంచి ప్రశ్న అడిగారు. వాళ్లు వచ్చేసరికి పంక్‌కి ఒక పేరుంది, న్యూయార్క్‌లో సీబీజీబీ లాంటి క్లబ్బుంది. వాషింగ్టన్ క్లబ్బులు రానివ్వకపోతే న్యూయార్క్ వెళ్లి వాయించారు. 1982లో ఆర్‌ఓఐఆర్ అనే చిన్న సంస్థ వాళ్ల మొదటి ఆల్బమ్‌ని క్యాసెట్‌గా తెచ్చింది. పైగా పిచ్చి స్పీడు పాటల మధ్యలో తాపీగా రెగె (జమైకా సంగీతం) అందుకునేవాళ్లు. తమ రస్తఫారీ నమ్మకాన్ని (జమైకాలో పుట్టిన మతం) దాచుకోలేదు. 1975లో డెత్‌కి అలాంటి దారి ఒక్కటీ లేదు. పంక్‌కి ఆద్యులని చెప్పే రామోన్స్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ కూడా 1976లోనే వచ్చింది.

డెత్ పాట 'లెట్ ద వరల్డ్ టర్న్' ఒక్కసారి హెడ్‌ఫోన్స్‌లో వినండి. మొదట మెల్లగా, తేలుతున్నట్టు సాగుతుంది. ఉన్నట్టుండి ముగ్గురూ పరుగందుకుంటారు, తర్వాత డానిస్ డ్రమ్స్ ఒంటరిగా మిగులుతాయి. ఇది అమ్మకానికి చేసిన పాట కాదని ఎవరికైనా అర్థమవుతుంది. ఇలా వాయించేవాడిని పేరు మార్చుకోమంటే ఎందుకు మార్చుకుంటాడు?

రేడియో పిచ్చి:
నూటికి నూరుపాళ్లు. చివరికి 2009లో డ్రాగ్ సిటీ అనే రికార్డు కంపెనీ ఆ 7 పాటల్నీ 'డెత్' పేరుతోనే విడుదల చేసింది.

గోదారి బాస్:
విడుదలైంది, కానీ డేవిడ్ 2000లోనే క్యాన్సర్‌తో పోయాడు. విజయం అని మీరు చెప్తున్నది అతను చూడనేలేదు. బ్లాక్ సబ్బాత్ ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు, ఆ మాట నిజమే. కానీ నిర్ణయం తీసుకున్నది ఒక్కడు, నష్టపోయింది ముగ్గురు. మిగతా ఇద్దరూ వెర్మాంట్‌లో రెగె బ్యాండ్ పెట్టుకుని బతికారు. ఈ పాటల గురించి వాళ్ల పిల్లలకే చాలా ఏళ్లు తెలియదు. బాబీ, డానిస్ ఇప్పటికీ అన్న నిర్ణయాన్ని సమర్థిస్తారు, అది వాళ్ల పెద్ద మనసు. నేను మాత్రం 1976లో ఆ రికార్డు దొరకని పిల్లల వైపే ఉంటాను.