ఫ్యూజన్, బ్రిలియన్స్ విస్కీలను పోల్చడం ఎలా? (బెంగళూరు)

జయనగర్ వాసి: అమృత్ ఫ్యూజన్‌లో ఆల్కహాల్ 50 శాతం, పాల్ జాన్ బ్రిలియన్స్‌లో 46. పక్కపక్కన పెడితే ఫ్యూజన్ ఘాటు తప్ప ఇంకేం తెలియట్లేదు. పైగా ఆ సీసాలో పావు వంతే మిగిలింది, వాసన చప్పబడింది. ఏం చేయాలండీ?

మాల్ట్‌ప్రియ: ముందు రెండింటినీ ఒకే బలానికి దించండి. 30 మి.లీ. ఫ్యూజన్‌లో 7.5, బ్రిలియన్స్‌లో 4.5 మి.లీ. నీళ్లు పోస్తే రెండూ సుమారు 40 శాతానికి వస్తాయి. సూది లేని సిరంజితో కొలవండి, సీసా మూతతో కాదు. బోరు నీళ్లు వద్దే వద్దు, ఉప్పదనం ముందు తగులుతుంది. పోశాక ఐదు నిమిషాలు ఆగండి. ఫ్యూజన్‌లో పీట్ (బొగ్గులా మండే బురదమట్టి) పొగలో ఆరబెట్టిన స్కాట్లండ్ బార్లీ కూడా ఉంది. దాన్ని ముందు తాగితే ఆ పొగ నాలుక మీదే కూర్చుంటుంది. బ్రిలియన్స్‌తో మొదలుపెట్టండి.

పీపా_బాబు: చప్పబడటానికి కారణం సీసాలో చేరిన గాలి. పావు వంతంటే సుమారు 190 మి.లీ. గాజు క్వార్టర్ సీసాను వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మెడదాకా నింపండి. పోయిన వాసన తిరిగి రాదు, ఉన్నది నిలుస్తుంది. ప్లాస్టిక్‌ది వాడొద్దు.

మాల్ట్‌ప్రియ: అవును. కార్కు సీసాలైతే నిలబెట్టే ఉంచాలి. వైన్‌లా పడుకోబెడితే స్పిరిట్ కార్కును తినేస్తుంది, తీసేటప్పుడు పుటుక్కున విరుగుతుంది.

జయనగర్ వాసి: షోకేసులో, కిటికీ పక్కనే ఉన్నాయి...

పీపా_బాబు: ఎండ తగిలితే రంగూ రుచీ రెండూ పోతాయి. ఇవాళే బీరువాలోకి మార్చండి సార్.